పరాయి గూట్లో దొరికిన సాలీడు

భార్య ఉదయపు నడకకు వెళ్లి వచ్చేలోగా ఒక సాలీడుకు ఆమె పేరు పెట్టి పంపేయాలని సీసాల సారు ఆ రోజు పెందలాడే లేచాడు. మ్యూజియంలో అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. పురుగుల విభాగంలో అరల నిండా ఉన్న సీసాల్లో స్పిరిట్ తగ్గితే నింపడం, చీటీ చెరిగితే కొత్తది రాసి అంటించడం ఆయన ఉద్యోగం. అదే విభాగంలో సాలీళ్ల మీద పరిశోధన చేసే పండితురాలు ఆయన భార్య. ఇంట్లోనూ ఆమెదే పైచేయి అని ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. చెప్పినా ఆయన కాదనడు.

ఒక జాతిని మొదట వర్ణించినవారి పేరు ఆ జాతి పేరు వెనకాల శాశ్వతంగా ఉండిపోతుంది. అలా ఎన్నో సాలీళ్ల వెనక భార్య పేరుంది. ఆ చీటీలన్నీ అంటించింది ఆయనే. ఒక్కదాని వెనకైనా తన పేరు చూసుకోవాలని ఆయనకు ఎప్పటినుంచో కోరిక. సిగ్గేసి ఎవరికీ చెప్పుకోలేదు.

కొన్ని నెలల కిందట వర్షారణ్యంలో పనిచేసే స్నేహితుడొకడు చిన్న సీసా పంపాడు. అందులో ఆవగింజంత గోధుమరంగు మగ సాలీడు. మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే, దాని నోటి పక్కనుండే పొట్టి చేతుల చివర ఒక వింత కొక్కెం కనిపించింది. పుస్తకాలన్నీ తిరగేశాడు. అలాంటి కొక్కెం ఎక్కడా లేదు. ఆ రోజు ఆయనకు ఆకలి వేయలేదు. అప్పటినుంచి అందరూ భోజనానికి వెళ్లినప్పుడల్లా గది తలుపు వేసుకుని బొమ్మలు గీశాడు, ఒక్కో వెంట్రుకనూ వర్ణించాడు. పెళ్లిరోజు దగ్గర పడుతోందని దానికి భార్య పేరు పెట్టాడు. ఆమెను ఆశ్చర్యపరచాలని ఆమెకు మాత్రం చెప్పలేదు. ఆ రకం సాలీళ్ల గురించి లోకంలో అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషి పక్క గదిలోనే ఉంది. సరిగ్గా ఆ ఒక్క మనిషి కంట పడకుండా దాచడానికే ఆయన తెలివంతా ఖర్చయింది.

ఆ ఉదయం వ్యాసం శాస్త్ర పత్రికకు పంపి వెనక్కి తిరిగేసరికి అత్తగారు నిలబడి ఉంది. వాళ్లు కాపురముంటున్నది ఆమె ఇంట్లోనే కాబట్టి ఆమె ఎక్కడైనా నిలబడవచ్చు. పొద్దున్నే ఆ చెమటలేమిటని నిలదీస్తే చెప్పక తప్పలేదు.

"వాళ్లు ఒప్పుకున్నదీ లేదు, అచ్చయిందీ లేదు. అప్పుడే పేరా? ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నాయనా నీ వరస," అంది అత్తగారు.

అయినా నోరు విప్పనని మాటిచ్చింది. ఆమె మాట తప్పిందని ఎవరూ అనలేరు, పక్కింటావిడ చెవిలో మెల్లగా చెప్పిందంతే. పక్కింటావిడ మ్యూజియం డైరెక్టరు గారి చెల్లెలు.

డైరెక్టరుకు ఈ కబురు ఎడారిలో వానలా తోచింది. శనివారం మ్యూజియం పెద్దలు తనిఖీకి వస్తున్నారు. చూపించడానికి కొత్తగా ఏమీ లేక, పోయినేడాది చూపించిన మొసలి బొమ్మకే దుమ్ము దులిపి మళ్లీ రంగు వేయిస్తున్నాడు. వెంటనే సభ ఏర్పాటు చేశాడు. 'మన మ్యూజియం కనుగొన్న కొత్త సాలీడు' అని పెద్ద బోర్డుకు పురమాయించాడు. మేడం గారికి మాత్రం తెలియకూడదని అందరికీ హుకుం జారీ చేశాడు. దాంతో ఆమె వరండాలోకి వస్తే చాలు, మాటలు ఆగిపోయి నవ్వులు మొదలయ్యేవి. అందరికంటే ఎక్కువ నవ్వింది డైరెక్టరే. ఆయన నవ్వడం ఆమె అంతవరకు చూడలేదు.

పత్రికలవాళ్లకో పద్ధతుంది. వ్యాసం మీద రచయిత పేరు తీసేసి, ఆ విషయం తెలిసినవాళ్లకు పంపి అభిప్రాయం అడుగుతారు. ఈ రకం సాలీళ్లు తెలిసినవాళ్లు లోకంలో ముగ్గురో నలుగురో. అందులో తీరికగా దొరికింది సీసాల సారు భార్య. ఎన్నడూ లేని చురుకుదనంతో ఆ వారంలోనే ఆమెకు పంపేశారు.

రాత్రి భోజనాల దగ్గర ఆమే ఆ ప్రస్తావన తెచ్చింది.

"ఎవరో మహానుభావుడు ఒక మగ సాలీడును పట్టుకుని కొత్త జాతి అంటున్నాడండీ. అది నేనెప్పుడో వర్ణించిన పసుపుగూటి సాలీడు మొగుడు. మగది ఇంతవరకు ఎవరికీ దొరకలేదు కాబట్టి పుస్తకాల్లో లేదు. కొండను తవ్వి ఎలుకను పట్టాడు. పోనీ ఎలుకైనా కొత్తదా? మనింట్లోదే."

సీసాల సారు కలుపుతున్న ముద్ద వదిలేశాడు. నీళ్లు తాగి, అంత గట్టిగా ఎలా చెప్పగలవని అడిగాడు.

"పసుపు దారాల పెద్ద గూటి అంచున దొరికిందని ఆయనే రాశాడుగా. ఎవరి గూట్లో దొరికిందో రాశాడు గానీ, అక్కడ దానికేం పనో ఆలోచించలేదు. అంత పెద్ద ఆడదాని ఇంట్లో ఒక మూల అంత ధీమాగా కూర్చునేది మొగుడు కాక ఇంకెవరు?"

శాస్త్రం ప్రకారం మొదట పెట్టిన పేరే నిలుస్తుంది. రెండో పేరు కొట్టేస్తారు. అంటే మగది తన పేరు పోగొట్టుకుని ఆడదాని పేరు కిందకు ఇల్లరికం వెళుతుంది. ఆ నియమాన్ని సీసాల సారుకు ఎవరూ వివరించనక్కర్లేదు. అత్తగారు అల్లుడి ముఖం చూసింది. ఆమె నిజంగా నోరు మూసుకున్నది ఆ పూటే.

పాపం ఎవరో కొత్తవాడేమో, కాస్త మెత్తగా రాయమని ఆయన బతిమాలాడు. కొత్తవాడు కాదు, ఈమధ్య నన్ను చూస్తే చాలు నవ్వుతూ, నా పేరు పెట్టి కాకా పడుతున్న మా డైరెక్టరే అని ఆమె తేల్చేసింది. కాసేపాగి, బొమ్మలు మాత్రం ఎంత బాగున్నాయో, అంత ఓపికగా గీసినవి తనెప్పుడూ చూడలేదని ఒప్పుకుంది. ఇన్నేళ్ల కాపురంలో భర్త బొమ్మలు వేయగలడని ఆమెకు తెలియదు. సంతోషించాలో ఏడవాలో తెలియక ఆయన కంచం ముందు నుంచి లేచిపోయాడు.

మర్నాడు ఆమె నేరుగా డైరెక్టరు గదిలోకి వెళ్లి, ఈ వయసులో ఇదేం పని అని అడిగింది. సభ సంగతి బయటపడిందనుకుని ఆయన, అంతా మ్యూజియం మంచికేనన్నాడు. నా పేరు వాడుకునే ముందు నన్నడగాలా వద్దా అంది. ఆశ్చర్యపరుద్దామనుకున్నామన్నాడు. నేను ఒప్పుకోవడం లేదు, తిరగ్గొడుతున్నానంది. బోర్డు రాసేశారు, ఇప్పుడెలా తిరగ్గొడతారని ఆయన లబోదిబోమన్నాడు. ఒప్పుకోని వ్యాసానికి బోర్డేమిటో ఆమెకు అంతుపట్టలేదు.

బోర్డు ఆపించాలని పరుగున వచ్చిన సీసాల సారు గుమ్మంలోనే ఇదంతా విన్నాడు.

"ఆయన్నేమీ అనకు. ఆ వ్యాసం నాది," అన్నాడు.

డైరెక్టరు తన గదిలోంచి తనే మెల్లగా జారుకున్నాడు. ఆమె భర్త వైపు తిరిగింది.

"నాకెందుకు చూపించలేదు?"

"చూపిస్తే ఒక్క నిమిషంలో తేల్చేసేదానివి. అప్పుడది నీదైపోయేది."

ఆ మాట ఆమెకు గుచ్చుకుంది.

"మరి నా పేరెందుకు పెట్టారు?"

"ఇన్నేళ్లూ నువ్వు పెట్టిన పేర్లే అంటించాను. ఒక్క పేరు నేను పెట్టాలనుకున్నాను. తీరా పెట్టబోతే ఇంకే పేరూ తోచలేదు."

ఆమె ఆయన గదికి వెళ్లి సీసా అడిగింది. మైక్రోస్కోపు మీద వంచిన తల ఎంతకీ ఎత్తలేదు. ఆ మగదాని కోసం ఆమె రెండుసార్లు అడవికి వెళ్లి, జలగలకు రక్తమిచ్చి, జ్వరంతో ఉత్త చేతులతో తిరిగొచ్చింది. తల ఎత్తేసరికి కళ్లు తడిగా ఉన్నాయి. దొరికినందుకు సంతోషం, రాత్రి అన్న మాటలకు సిగ్గు, రెండూ ఒకేసారి ముంచుకొచ్చాయి. రచయిత తన భర్త కాబట్టి తీర్పు చెప్పే హక్కు తనకు లేదని పత్రికకు రాసింది. ఇది కొత్త జాతి కాదని, ఎవరూ చూడని మగదానికి మొట్టమొదటి వర్ణన మాత్రం ఇదేనని కూడా రాసింది. నీ పేరూ చేర్చమని ఆయన అడిగితే వినలేదు.

"ఆడది నాది, మగది మీది. ఎవరిది వాళ్లదే," అంది.

శనివారం సభ జరిగింది. బోర్డు మీద 'కొత్త' అన్న మాటపై కాగితం అంటించి, ఆడదాన్నీ మగదాన్నీ అసలు ఎంత ఉంటాయో అంతే కొలతలో పక్కపక్కన వేయించారు. ఆమె వేదిక మీద భర్త అసలు పేరు చెప్పి, ఈ మగ సాలీడును లోకానికి చూపించింది ఈయనేనంది. ఆ పేరు ఎవరిదా అని సగం మ్యూజియం చుట్టూ చూసింది. ఆయన లేచి నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు గానీ, ఆ చప్పట్లు ఆయనకు చాలు.

జనం పల్చబడ్డాక అత్తగారు కళ్లజోడు సర్దుకుని బోర్డు దగ్గరికి వెళ్లింది. అరచేయంత ఆడ సాలీడును మెచ్చుకోలుగా చూసి, దాని పక్కన ఏదో గోధుమరంగు మరక కనిపిస్తే చేతిరుమాలు తడిపి రుద్దడం మొదలుపెట్టింది.

"తుడవకండి అత్తయ్యగారూ," అన్నాడు అల్లుడు. "నేను కనిపెట్టింది అదే."