అచ్చుకు సరిపోయిన పళ్లు

మనిషి నోటిని ఒకరికి, ఆ నోట్లోని పళ్లను మరొకరికి అప్పగించిన రోజునే నాగరికత మొదలైంది. నోరు చూసేవాడు పళ్ల డాక్టరు; ఆయనకు పళ్లు చేయడం రాదు. పళ్లు చేసేవాడు టెక్నీషియన్; ఆయనకు నోరు చూసే అధికారం లేదు. డాక్టరు తీసిన నోటి అచ్చు ఒకటి డబ్బాలో కూర్చుని ఇద్దరి మధ్యా తిరుగుతుంటుంది. ఇంతకన్నా పకడ్బందీ ఏర్పాటును మానవజాతి ఇంకా కనిపెట్టలేదు.

పూర్వం ఈ ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకునేవారు. "నువ్వు పంపినవి పళ్లా, పలుగురాళ్లా?" అని డాక్టరు అడిగేవాడు. "మీరు పంపింది అచ్చా, ఎవరో తొక్కిన బురదా?" అని టెక్నీషియన్ అడిగేవాడు. (కాసేపు ఇలా అనుకున్నాక ఎక్కడ అరగదీయాలో తేలిపోయేది, పళ్లు కుదిరేవి. ఇది అనాగరికం.) అందుకని దంత సత్సంబంధాల మండలి పుట్టింది. ఇకమీదట పని విషయం ఇద్దరూ నేరుగా మాట్లాడుకోరాదనీ, ఏం చెప్పుకున్నా 'దంతసేతు' యాప్‌లోనే చెప్పుకోవాలనీ, ప్రతి సందేశం 'గౌరవనీయులైన'తో మొదలై 'కృతజ్ఞతలు'తో ముగియాలనీ, టెక్నీషియన్ రోగి నోటివైపు ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ చూడరాదనీ శాసించింది. తిట్లు ఆగిపోయాయి. మండలి దీన్ని ఘనవిజయమంది.

ఆ విజయం మా వీధిలో ఒకావిడ నోటిదాకా వచ్చింది.

ఆవిడ బస్‌స్టేషన్లో అనౌన్సరు. ఆవిడ గొంతు వినపడితే కునికిపాట్లు పడేవాళ్లు కూడా సంచులు భుజానికెత్తుకునేవారు. చిగుళ్ల జబ్బు చేసి పైపళ్లన్నీ తీయించుకోవాల్సి వచ్చింది. తీసింది వీధి చివరి డాక్టరు. ఆయనకు పళ్ల సెట్లు చేసిపెట్టేది ఆవిడ సొంత మరిది. పై వాటాలో వదిన కాపురం, కింది గదిలో మరిది మైనం, ప్లాస్టర్, ఆకురాళ్లు. భోజనానికి మాత్రం అందరికీ ఒకటే బల్ల.

"మా మరిది చేతి పళ్లు. నాకింకేం భయం!" అనుకుందావిడ.

పళ్లు వచ్చాయి. పెట్టుకుని మైకు ముందు కూర్చుంది. "బష్షు షిద్ధంగా ఉంది" అని స్టేషనంతా మోగింది. జనం నవ్వారు. ఆవిడ గొంతు సవరించుకుని మళ్లీ మొదలుపెట్టేసరికి పైసెట్టు జారి మైకు మీద ఠప్పున పడింది. బయట ఏదో టైరు పేలిందనుకుని ఇద్దరు డ్రైవర్లు కిందికి దిగి చూసుకున్నారు. స్టేషన్ సూపర్నెంటు మర్యాదగానే చెప్పాడు: "నెలాఖరుకి సరి చేయించుకోండమ్మా. లేకపోతే రికార్డు చేసిన గొంతు రెడీగా ఉంది."

డాక్టరు నోట్లోకి లైటు వేసి చూసి పెదవి విరిచాడు. "ల్యాబువాళ్ల పని ఇలా ఏడిసింది. తిప్పి పంపుతాను."

"ల్యాబంటే మా మరిదే కదండీ! నేనే పట్టుకెళ్లి చూపిస్తా."

"ఎంత మాట! రోగి వెళ్లి టెక్నీషియన్‌తో మాట్లాడితే మా సంబంధాలు చెడిపోవూ?"

కాబట్టి సెట్టు కొరియర్లో ఊరంతా తిరిగి ఆవిడ ఇంటికే వచ్చింది. గేటు దగ్గర ఆవిడే సంతకం పెట్టి తీసుకుని, విప్పకుండా కింది గదిలో ఇచ్చింది. (విప్పితే నేరం.)

"ఒక్కసారి నా నోట్లోకి చూడవయ్యా" అంది.

మరిది గోడవైపు తిరిగిపోయాడు. "నన్ను ఇరికించకు వదినా. చూశానంటే లైసెన్సు పోతుంది. అయినా నా పనిలో వంకేం లేదు. అచ్చు మీద పెట్టి చూశా, అతికినట్టు కూర్చుంది."

"అచ్చుకి కూర్చుంది నాయనా, నాకు కూర్చోలేదు."

"అయితే తప్పు అచ్చుది. ఆ మాట ఆయన్ని ఒప్పుకోమను."

"అచ్చు వెళ్లి అనౌన్స్ చేస్తుందా?"

అతను ఫోను అందుకున్నాడు. యాప్‌లో డాక్టరుకు చెప్పాడు: "గౌరవనీయులైన డాక్టరు గారికి, సెట్టు మీ అచ్చుకు అద్భుతంగా సరిపోయింది. కృతజ్ఞతలు." డాక్టరు బదులిచ్చాడు: "గౌరవనీయులైన టెక్నీషియన్ గారికి, రోగికి సరిపోలేదు. కృతజ్ఞతలు." ఇలా రోజూ గౌరవించుకున్నారు. ఒక్కొక్క గౌరవానికీ యాప్ ఇద్దరికీ చెరో పువ్వు ఇచ్చింది. సెట్టు మాత్రం ఎలా వెళ్లిందో అలాగే తిరిగొచ్చేది.

ఆవిడ మండలికి ఫిర్యాదు చేసింది. సౌహార్ద పర్యవేక్షణాధికారి స్వయంగా ఇంటికి వచ్చి, పళ్ల సంగతి విడిచిపెట్టి, భోజనాల బల్ల చూసి అదిరిపడ్డాడు.

"ఇతను తింటూ మీ నోటివైపు చూసే ప్రమాదం ఉంది కదమ్మా! మధ్యలో తెర కట్టండి. ఇంట్లో ఇతనితో మాట్లాడేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోండి. చూడ్డానికి మర్యాదగా కూడా ఉంటుంది."

"మరి నా పళ్ల సంగతో?"

"పళ్లు మా పరిధిలోకి రావమ్మా. మాది సంబంధాల శాఖ."

తెర కట్టారు. (బెడ్‌షీటే, పూలది.) ఆవిడ తెరకు ఇవతల గంజి తాగింది, మరిది అవతల కరకరా నమిలాడు.

నెలాఖరు ముంచుకొస్తుంటే ఆవిడ జీవితంలో మొదటిసారి పెద్ద అబద్ధం ఆడింది. డాక్టరు నీ పనితనాన్ని మెచ్చుకుని ఒకసారి రమ్మన్నాడని మరిదితో చెప్పి క్లినిక్కు లాక్కెళ్లింది. వెళ్లీ వెళ్లగానే సెట్టు పెట్టుకుని, కుర్చీలో వాలిపోయి నోరు తెరిచింది.

"ఇద్దరూ ఉన్నారు. నోరూ ఉంది. చూసి ఏడవండి!"

డాక్టరు ఇటు నిలబడ్డాడు, మరిది అటు. మరిది చొక్కా జేబులో అరగదీసే ఆకురాయి ఉంది. డాక్టరు వేలు పెట్టి తడిమాడు. ఎక్కడ ఒరుస్తోందో ఆయనకు తెలిసిపోయింది. వేలు అక్కడే ఉంచి, రెండో చేత్తో ఫోను తీసి టైపు చేయడం మొదలుపెట్టాడు. ఆవిడ పొట్టకు అవతల మరిది ఫోను టింగుమంది. అతను సీలింగు వైపు తల ఎత్తి చదివి (నోటివైపు చూడరాదు కదా) జవాబు కొట్టాడు. ఇటు ఫోను టింగుమంది. దవడలు లాగేస్తున్నా, కళ్లలో నీళ్లు తిరుగుతున్నా ఆవిడ నోరు మూయలేదు. అచ్చు తప్పని ముందు ఈయన ఒప్పుకోవాలని అతను, సెట్టు తప్పని ముందు అతను ఒప్పుకోవాలని ఈయన, చేతికందే దూరంలో నిలబడి పువ్వుల మీద పువ్వులు సంపాదించుకున్నారు.

చివరికి ఆవిడే డాక్టరు వేలు తీసి పక్కన పెట్టి, సెట్టు ఊడదీసి సంచిలో వేసుకుని, నోరు మూసుకుని వెళ్లిపోయింది. ఆవిడ లేచిందని ఇద్దరూ గమనించారో లేదో తెలియదు. టింగుటింగులు వీధిలోకి వినపడుతూనే ఉన్నాయి.

ఒకటో తారీఖు నుంచి బస్‌స్టేషన్లో రికార్డు గొంతు మోగుతోంది. ఎప్పుడో రద్దయిన బస్సులను కూడా అది పిలుస్తుంది. ఉచ్చారణ స్పష్టంగా ఉంది కాబట్టి ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఆవిడను పోయిన సామాన్లు దాచే గదికి మార్చారు. అక్కడ మాట్లాడే పని లేదు. గొడుగుల మధ్య కూర్చుని, తనలో తాను ఊళ్ల పేర్లు వరసగా చెప్పుకుంటుందని పక్క కౌంటరులో టికెట్లు కొట్టేవాడు చెప్పాడు. "స" బదులు "ష" వచ్చిన చోట ఆగి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతుందట.

డాక్టరుకూ టెక్నీషియన్‌కూ కలిపి మండలి ఈ ఏటి ఉత్తమ వృత్తి సంబంధం పురస్కారం ప్రకటించింది. పేపర్లో ఫోటో వేశారు. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని నోరారా నవ్వుతున్నారు.

ఇద్దరివీ సొంత పళ్లే.