మంజూరైన తల

దిగులు ఎవరికైనా కలగవచ్చు. అది పౌరుడి హక్కు. మొండి దిగులు మాత్రం కార్యాలయం ధ్రువీకరిస్తే తప్ప కలగదు. ఈ సంగతి తెలియక తిరుపతిలో చాలామంది సొంత నిర్ణయం మీద ఏళ్ల తరబడి దిగులుపడి, చివరికి చేతిలో ఒక్క కాగితం కూడా లేకుండా మిగిలిపోతున్నారు.

ఈ అరాచకాన్ని అరికట్టడానికే ఒక ఆసుపత్రి రెండో అంతస్తులో మొండి దిగులు నిర్ధారణ కేంద్రం వెలిసింది. రెండు రకాల మందులు, ఒక్కొక్కటి ఎనిమిది వారాలు వాడినా లొంగని దిగులునే ఇక్కడ మొండిది అంటారు. (ఏడో వారంలో ఏడ్చినవారి ఏడుపు పరిగణనలోకి రాదు.) మొండిదని తేలితే అయస్కాంత చికిత్స మంజూరవుతుంది. మత్తు లేదు, కోత లేదు. రోగి కుర్చీలో మెలకువగానే కూర్చుంటాడు. నుదుటికి ఎడమ పక్కన, కాస్త పైగా ఒక పలక ఆనిస్తారు. అది టకటకమంటూ మెదడులో మందగించిన చోటును అయస్కాంతంతో తట్టి లేపుతుంది. వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు వారాలు. అందరికీ కాకపోయినా చాలామందికి గుణమిస్తుందని డాక్టర్ రూపశ్రీ చెప్పింది. ఆ కుర్చీ అద్దాల గదిలో ఉంది. బయట వరండాలో కూర్చున్న వాళ్లందరికీ చక్కగా కనబడుతుంది. ఎక్కువ రోజులు ఖాళీగా ఉండటం వల్ల మరీ చక్కగా కనబడుతుంది.

లోహిత ఆ కుర్చీని చూసి సంబరపడింది. సత్యవేడు నుంచి తిరుపతికి కోడలిగా వచ్చి మూడు నెలలే అయింది కాబట్టి ఆమె దేన్ని చూసినా సంబరపడేది. బాల్కనీలో బట్టలు ఆరేస్తుంటే కొండ కనబడటం ఒక సంబరం. సూళ్లూరుపేట వైపు ఫ్యాక్టరీకి పోయే భర్త అమర్‌నాథ్ రోజూ ఏదో ఒకటి మరిచిపోయి మెట్ల మీద నుంచి వెనక్కి రావడం ఇంకో సంబరం. (ఒకరోజు ఏమీ మరవకుండానే వచ్చాడు.) ఆ ఇంట్లో ఆమెకు తక్కువైంది ఒక్కటే, మామ నవ్వు.

మామ ఢిల్లీబాబు ముప్పై ఏళ్లు తిరుపతి-చిత్తూరు బస్సులో కండక్టరు. ఆయన మాటలకు నవ్వుతూ పూతలపట్టులో దిగాల్సినవాళ్లు దిగడం మరిచిపోయేవారట. రెండున్నరేళ్ల కిందట, ఏ కారణమూ లేకుండా, అదంతా ఆగిపోయింది. (కారణం గడి నింపనిదే దరఖాస్తు ముందుకు కదలదు కాబట్టి 'ఇతరములు' అని నింపారు.) లోహిత పెళ్లి ఆల్బంలో నాలుగు వందల పన్నెండు ఫొటోలున్నాయి. పెళ్లిపందిట్లోకి దారితప్పి వచ్చిన మేక కూడా కాస్త హుషారుగానే కనబడుతుంది. మామ మాత్రం ఎక్కడా నవ్వలేదు. ఆ నవ్వు ఎలా ఉండేదో ఒక్కసారి చూడాలని కోడలి ఆశ.

నాలుగు రకాల మందులు, మూడు సంతకాలు, రెండు వాయిదాల తర్వాత ఒక గురువారం ఫోనుకు సందేశం వచ్చింది: మీ తలకు చికిత్స మంజూరైంది.

అత్త సుబ్బులమ్మ ఆనందం పట్టలేక శుక్రవారం తెల్లారేసరికి భర్తను కొండెక్కించి గుండు కొట్టించింది. సోమవారం ముగ్గురూ కేంద్రానికి వచ్చారు. ఢిల్లీబాబు గుండు మీద గంధం ఇంకా పచ్చగానే ఉంది.

ద్వారం దగ్గర ముఖ పరిశీలకుడు మునిచంద్ర కూర్చుని ఉన్నాడు. (తాత్కాలిక ఉద్యోగి, పదకొండేళ్లుగా.) ఆయన ముందున్న, ఆసుపత్రి మొత్తానికీ ముఖాలు పోల్చే ఒకే ఒక్క యంత్రం ఢిల్లీబాబును చూసి ఎర్రగా వెలిగింది.

"ముఖం సరిపోలేదు. ఫొటోలో జుట్టుండాది, ఈడ లేదు," అన్నాడు మునిచంద్ర.

"కొండకు పొయ్యొచ్చినాం సార్. మంజూరయితే తలనీలాలు ఇప్పిస్తానని మొక్కుకున్నా," అంది సుబ్బులమ్మ కాస్త గర్వంగానే.

"మొక్కు మీదిమ్మా. తల మాది. మంజూరయినాక ఆ తలకు మేం జవాబుదారీ. కొట్టించేముందు ఒక మాట అడగొద్దా?"

తొమ్మిదో నిబంధన ప్రకారం మంజూరైన తలకు ఎలాంటి మార్పులూ చేర్పులూ చేయరాదు. ఫొటోలో జుట్టు మూడంగుళాలుంది. అంత పెరగడానికి ఏడు నెలలు కావాలి. మంజూరు గడువు ఇరవై ఒక్క రోజులు.

"మరి యెట్ల సార్?" అని అడిగింది లోహిత.

"జుట్టు బిరీన పెరగాల," అన్నాడు మునిచంద్ర. ఆ మాటలో వెటకారమేమీ లేదు.

అద్దాల గదిలోంచి డాక్టర్ రూపశ్రీ బయటికి వచ్చింది. "గుండయితే నాకింకా సులువు మునిచంద్రా. పలక పెట్టే చోటు నేరుగా తల మీదనే గుర్తు పెట్టుకుంటా."

"మీకు తల చాలు మేడమ్. నాకు ముఖం కావాల."

అయితే నిబంధనల్లో దయ కూడా ఉంది. ముఖం మారినవారు యంత్రం ముందు కూర్చుని, అది చెప్పినట్టు చేసి, తాము సజీవులమని నిరూపించుకుంటే కొత్త ముఖం నమోదవుతుంది. ఢిల్లీబాబును కూర్చోబెట్టారు. కళ్లు ఆర్పమంది, ఆర్పాడు. ఎడమకు తిరగమంది, తిరిగాడు.

'ఇప్పుడు చిరునవ్వు నవ్వండి,' అంది యంత్రం.

వరండాలో వాళ్లంతా ఢిల్లీబాబు వైపు తిరిగారు.

"నగు పెద్దాయనా," అన్నాడు మునిచంద్ర.

"అది రాకనే గదప్పా ఈడికొచ్చింది," అన్నాడు ఢిల్లీబాబు. లోహిత కాపురానికి వచ్చాక ఆయన నోట అంత పొడుగు మాట వినడం అదే మొదలు.

మునిచంద్ర ఆలోచించాడు. "నిజమే. కానీ దానికి గడి లేదు."

సుబ్బులమ్మ రెండు వేళ్లతో భర్త పెదాల కొసలు పైకి లాగింది. ఇతరుల చేతులు తొలగించవలసిందిగా యంత్రం కోరింది. మూడోసారి, నాలుగోసారి ఎర్ర లైటు వెలిగింది. ఐదోసారి హఠాత్తుగా పచ్చ లైటు వెలిగి, స్వాగతం ఎల్లప్ప గారూ, కుడి మోకీలు మార్పిడి మంజూరైంది, అని వచ్చింది.

తిరుపతిలో ఏ వరండాలోనైనా గుండ్లు ఉంటాయి. ఆ వేళ అక్కడ పద్నాలుగున్నాయి. (యంత్రాన్ని తయారుచేసినవారు ఈ ఊరు చూసి ఉండరు.) మూలన బెంచీ మీద నుంచి తడ ఎల్లప్ప అనే ముసలాయన కర్ర ఊతంతో లేచి వచ్చి తన గుండు కూడా యంత్రానికి చూపించాడు. ఎల్లప్ప గారు ఇప్పటికే హాజరయ్యారని అది చెప్పింది.

"యాడ హాజరయినా? ఇప్పుడే గదా లేచొస్తిని. యేమప్పా, నా మోకాలు నీకిచ్చేసినారా?" అని ఎల్లప్ప నిలదీశాడు.

ఢిల్లీబాబు తన కుడి మోకాలు చూసుకున్నాడు. ఎల్లప్ప మోకాలు చూశాడు. ముప్పై ఏళ్ల అలవాటు ఎక్కడో తట్టినట్టుంది.

"టికెట్టు నీది, సీటు నాది. ఇప్పుడు దిగాల్సింది యెవురబ్బా?" అన్నాడు.

అన్నాక, ఆయన పెదవి ఎడమ కొస కొంచెం పైకి లేచింది. కళ్ల పక్కన రెండు ముడతలు పడ్డాయి. అంతే. లోహిత చూసింది. ఈ మూడు నెలల్లో ఏరి దాచుకున్న చిన్న చిన్న సంబరాలన్నీ కాస్త పక్కకు జరిగి దానికి చోటిచ్చాయి.

యంత్రం కూడా చూసింది. 'చిరునవ్వు నమోదైంది. ముఖం సరిపోయింది. స్వాగతం ఢిల్లీబాబు గారూ.' వరండా మొత్తం చప్పట్లు కొట్టింది. డాక్టర్ రూపశ్రీ కుర్చీ దుమ్ము తుడిచింది.

"పోదామా సార్ లోపలికి?" అంది లోహిత.

మునిచంద్ర కదల్లేదు. పద్నాలుగో నిబంధన ఉన్న పేజీ తీసి, మెల్లగా, ఎవరికో సానుభూతి చెబుతున్నట్టు చదివాడు. మొండి దిగులు గల రోగి ఆవరణలో తనంతట తాను నవ్విన పక్షంలో సదరు దిగులు లొంగినట్టుగా భావించవలెను.

"నగమనింది మీరే గదా సార్."

"నగమనింది యంత్రమమ్మా. నగింది ఈయన."

"నగకపోయింటే?"

"ముఖం సరిపోదు. వైద్యం లేదు."

"నగితే?"

"రోగం లేదు. వైద్యంతో పని లేదు. మేం యే దారీ మూసిపెట్టలేదమ్మా."

"ఒక్కసారి నవ్వినంత మాత్రాన తగ్గినట్టు కాదయ్యా. దిగులున్నవాళ్లూ ఎప్పుడో ఒకసారి నవ్వుతారు," అని రూపశ్రీ వాదించింది. మునిచంద్ర ఆ అభిప్రాయాన్ని శ్రద్ధగా విని, 'ఇతరములు' గడిలో రాసుకున్నాడు.

మెట్లు దిగుతుండగా సందేశం వచ్చింది. అభినందనలు, మీరు కోలుకున్నారు. మా సేవకు ఎన్ని నక్షత్రాలిస్తారు? లోహిత ఫోను మీద నుంచి తలెత్తి మామను చూసింది. ఆ నవ్వు మొదటి అంతస్తు దాకా కూడా రాలేదు. ఆయన గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ లెక్కపెడుతున్నట్టు దిగుతున్నాడు.

మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు. మళ్లీ రెండు మందులు, ఎనిమిదేసి వారాలు. ఒకసారి నవ్విన చరిత్ర ఉంది కాబట్టి, ఈసారి రోజూ సాయంత్రం ఆరులోగా నవ్వని ఫొటో ఒకటి కేంద్రంలోని యంత్రానికి పంపాలి. ఆ బాధ్యత లోహిత తీసుకుంది. పెళ్లికి అమర్‌నాథ్ కొనిచ్చిన ఫోనుతో, కొండ కనబడే బాల్కనీలో, మామను కూర్చోబెట్టి తీసేది. తన నవ్వు ఎక్కడ ఆయనకు అంటుకుంటుందోనని సాయంత్రాలు మొహం బిగించుకుని తిరగడం అలవాటు చేసుకుంది. అమర్‌నాథ్‌ను కూడా మెట్ల మీద నుంచి వెనక్కి రావొద్దని చెప్పింది.

పదహారు వారాలు, నూట పన్నెండు ఫొటోలు. మొదటిదాంట్లో గుండు, చివరిదాంట్లో దువ్వెనకు అందేంత జుట్టు. ముఖం సరిపోలేదని యంత్రం ఒక్కసారి కూడా అనలేదు.