వేట ఫారంలో మూడో గడి

సౌదీలో హాయిల్ పట్నం అవతలి ఓ గోధుమ క్షేత్రంలో అనుమతి లేకుండా ఒక్క కుందేలు కూడా చావడానికి వీల్లేదని యజమాని గారు రెండువేల నాలుగులో ఉత్తర్వు జారీ చేశారు. డేగలతో వేటకొచ్చే పెద్దమనుషులు ముందు ఫారం నింపాలి. పేరు, డేగల సంఖ్య, ఏ జంతువు, ఎన్ని. ఫారం రియాద్‌లోని యజమాని గారికి ఫ్యాక్స్‌లో వెళ్తుంది, గంటలో సంతకంతో తిరిగొస్తుంది. అతిథిని కాదనడం ఆ వంశంలో లేదు కనుక, చదివి ఆలస్యం చేసే అలవాటూ లేదు.

ఈ అనుమతుల శాఖకు అధిపతి జగిత్యాల ఎల్లన్న. గేటు తీయడం, నీళ్లు పెట్టడం కూడా ఆ శాఖ కిందికే వస్తాయి. అతని సెలవు అర్జీ సైతం అదే ఫ్యాక్స్‌లో వెళ్లేది. నాలుగేళ్లలో మూడుసార్లు సంతకం లేకుండానే తిరిగొచ్చింది. ఒకసారి కోతల కాలమన్నారు, ఒకసారి ఖర్జూరాల కాలమన్నారు, మూడోసారి వేట కాలమన్నారు. అతను వచ్చాక పుట్టిన కూతురు సృజనకు మాటలన్నీ వచ్చేశాయి. తండ్రంటే ఫోన్ అనుకుంటోందని భార్య ఊర్మిల చెప్పింది.

ఆ చలికాలం అబూ నాసిర్ అనే పెద్దాయన రెండు డేగలతో దిగాడు. అరబ్బీ రాయగలిగిన కడప డ్రైవర్ ఖాదర్ మొహిద్దీన్ ఫారం ముందేసుకుని కూర్చున్నాడు.

"ఖాదర్ భాయ్, కుందేలుకున్న ఇజ్జత్ నాకు లేకపాయె. ఆ మూడో గళ్ల నా పేరు రాయి," అన్నాడు ఎల్లన్న.

ఖాదర్ కలం మూత తీశాడు. "రాస్తా గానీ, ఎన్నని రాసేది?"

"ఒక్కటే. మొగది."

గంటలో సంతకం వచ్చింది. కింద 'వేట శుభప్రదమగు గాక' అని యజమాని గారు స్వహస్తాలతో రాసి ఉంది.

అబూ నాసిర్ రెండుసార్లు చదివి కడుపుబ్బ నవ్వాడు. నవ్వు ఆగాక చిక్కు తెలిసింది. ఇల్లుగలాయన ఇచ్చినదాన్ని వద్దనడం ఆయన వంశంలోనూ లేదు. డేగల పక్కనే ఎల్లన్నను జీపులో కూర్చోబెట్టుకుని తిన్నగా రియాద్ వెళ్లి, నిండు సభలో యజమాని ముందు నిలబెట్టి, మీరిచ్చిన వేట ఇదేనన్నాడు.

చదవకుండా సంతకం పెట్టానని ఇరవైమంది ఎదుట ఏ పెద్దమనిషి ఒప్పుకుంటాడు? యజమాని గారు గొంతు సవరించుకున్నారు. "మా నేలమీద ఏ ప్రాణికీ అన్యాయం జరగదు. ఇతని సెలవు గురించి నేను ఎన్నాళ్లుగానో ఆలోచిస్తున్నాను," అని ప్రసంగించారు. సభ హర్షించింది. బీరువాలోంచి పాస్‌పోర్టు బయటికొచ్చింది. దాంతోపాటు రెండు నెలల్లో తిరిగి రావాలనే రీఎంట్రీ వీసా కూడా.

ఊళ్లో సృజన మూడురోజులు తల్లి చాటునుంచే చూసి, నాలుగోరోజు ఒళ్లోకొచ్చింది. ఎల్లన్న ఏడ్చాడు. ఆ సాయంత్రం అరుగు మీద తన కథంతా చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. అంతా విన్న తర్వాత మేనబావ జనార్దన్ ఒక్కటే అడిగాడు: "మీ సేటుకు ఇంకా మనుషులు కావాల్నా?"

తెల్లారేసరికి ఊళ్లోవాళ్ల పదకొండు పాస్‌పోర్టుల జిరాక్సులు ఎల్లన్న చేతికొచ్చాయి. రెండు నెలలు కాగానే వాటిని భద్రంగా సంచిలో పెట్టుకుని అతను విమానమెక్కాడు. మన ఊళ్లలో మనుషుల వేటకు ఎవరి అనుమతీ అడిగే ఆచారం ఇంకా రాలేదు.