పెళ్ళికి ఇంకా ఇరవై ఎనిమిదేళ్ళుంది

మహాశయులారా! సర్కారు వారి అనుమతి లేకుండా మొగుడూ పెళ్ళాలు ఒకే కప్పు కింద కాపురం చేయడాన్ని తక్షణమే ఆపించాలని నా మనవి.

నవ్వకండి. నేను ఎల్లారెడ్డి తహసీలు కచేరీ ముందు చాప పరుచుకుని ఇరవై ఏళ్ళుగా అర్జీలు రాస్తున్నవాణ్ణి. బావి తవ్వుకోవాలంటే అర్జీ కావాలి. చింతచెట్టు కొట్టుకోవాలంటే అర్జీ కావాలి. చచ్చిన ఎద్దు చచ్చిందని చెప్పడానికి కూడా అర్జీ కావాలి. మరి ఒక మనిషిని బతికినంత కాలం పక్కన పెట్టుకోవడానికి మాత్రం మూడు ముళ్ళు, గుప్పెడు అక్షింతలు చాలా? ఇదేం న్యాయం!

ఈ జ్ఞానం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. బొంబాయిలో ఒక వీసా కచేరీ వారు కలిగించారు. ఏ వీధిలో ఉందో చెప్పను, మళ్ళీ పని పడవచ్చు. వీసా అంటే పరాయి దేశం వాళ్ళు మన పాసుపోర్టు మీద వేసే ముద్ర. 'లోపలికి రండి' అని దాని అర్థం. మన ఊళ్ళో ఈ మాట గడపలో నిలబడి ఎవరైనా అంటారు. అందుకే దానికి విలువ లేకుండా పోయింది.

సంగతి ఏమిటంటే, మా ఊరి సాయిలు ఇంజను ఫిట్టరు. నిరుడు ఈరాన్ దేశంలో ఆబాదాన్ అనే చోట, కిరసనాయిలు తీసే కంపెనీలో పని దొరికింది. కంపెనీ మనిషి వచ్చి సాయిలు పళ్ళు చూశాడు, చేతులు చూశాడు, ఓడ ఎక్కించాడు. నీకు పెళ్ళయిందా, ఆమె ఏమంటుంది అని ఒక్క ముక్క అడగలేదు. చూశారా, ఎంత అనాగరికంగా జరిగిందో!

ఈ ఏడు కంపెనీ వారు దయదలిచి, పెళ్ళాన్ని తెచ్చుకుంటే ఒక గది ఇస్తామన్నారు. శ్రావణం దాటే లోపల ఆమె రాకపోతే గది ఇంకొకరికి పోతుంది, మళ్ళీ మూడేళ్ళ దాకా ఆ మాట ఎత్తకూడదు. సాయిలు పెళ్ళాం గంగామణి పెళ్ళయ్యాక కాపురం చేసింది ఎనిమిది నెలలు. మొగుడు ఓడెక్కి పద్నాలుగు నెలలు. ఇంకో మూడేళ్ళంటే ఆ పిల్ల గుండె పగిలిపోతుంది. అలా మొదలైంది మా వీసా భాగ్యం.

ముందు ఫారం వచ్చింది. అందులో 'పుట్టుమచ్చలు' అని ఒక గడి. నీ పెళ్ళానికి మచ్చ ఎక్కడుందో తెలుపుమని సాయిలుకు ఉత్తరం రాశాను. తనకు యాదికి లేదని జవాబు వచ్చింది. ఎనిమిది నెలలు కాపురం చేసినవాడికి! చివరకు సాయిలు తల్లి ఈరవ్వ కోడలిని వాకిట్లో ఎండకు కూర్చోబెట్టి, జడ విప్పి, ఓపికగా వెదికి ఎడమ చెవి వెనక ఒక మచ్చ కనిపెట్టింది. ఆ అత్త ఆ కోడలి తల నిమరడం అదే మొదటిసారి. పది పురాణ కాలక్షేపాల వల్ల కాని పని ఒక్క గడి వల్ల అయింది. ఇది మేలా, కీడా? మీరే చెప్పండి.

తరువాత ఫోటో. రెండు చెవులూ కనపడాలని షరతు. నిజామాబాదు స్టూడియోలో ఈరవ్వ కోడలి తల మీది కొంగు వదలలేదు.

"చెవులు జూసి ఏం జేస్తరంట? కమ్మలు గుంజుకుంటరా?"

ఆ పైన పెళ్ళి జరిగినట్టు రుజువు. తహసీల్దారు గారి ముందు పటేలు, పట్వారీ, పెళ్ళి చేసిన అయ్యగారు, డప్పు కొట్టిన నారాయణ వచ్చి సాక్ష్యం చెప్పారు. పెళ్ళి జరిగిందని నలుగురూ ఒప్పుకున్నారు. పప్పులో ఉప్పు ఎక్కువైందా, తక్కువైందా అన్న దగ్గర మాత్రం ఇద్దరిద్దరుగా చీలిపోయారు. పొద్దుగూకే దాకా వాదం. ఉప్పు సంగతి వదిలేసి మిగతాదంతా నేను చక్కని ఉర్దూలో రాశాను. తహసీల్దారు గారు ముద్ర కొట్టారు. నా రాత ముత్యాల కోవ అని కచేరీలో అందరూ అంటారు, నేను అనను.

ఆషాఢంలో కామారెడ్డి స్టేషనులో రైలెక్కి, మన్మాడులో బండి మారి, గంగామణి, ఈరవ్వ, నేను బొంబాయి చేరాము. ఓడ మర్నాడు. చేతిలో ఉన్నది ఒక్క రోజు.

వీసా అధికారి ఈరాన్ దేశపు తెల్లమీసాల పెద్దమనిషి. హిందుస్తానీ బాగా మాట్లాడతాడు. నా కాగితం చూడగానే ఆయన ముఖం విప్పారింది. లిపి వాళ్ళదే. నెలల పేర్లూ వాళ్ళవే. మన సర్కారు లెక్కలోని నెలలు, ఖుర్దాదు అనండి, షహ్రేవర్ అనండి, ఒకప్పుడు ఆ దేశం నుంచి తెచ్చుకున్నవే కదా! తర్జుమా అక్కరలేకుండా ఆయన గడగడ చదువుతుంటే నా ఛాతీ జానెడు పొంగింది.

చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ చదివాడు.

"ఈ పెళ్ళి ఎప్పుడు జరిగింది?"

"అందులోనే ఉంది హుజూర్. పదిహేను ఖుర్దాదు, పదమూడు వందల నలభై మూడు."

"ఇప్పుడు ఏ సంవత్సరం నడుస్తోంది?"

"పదమూడు వందల నలభై అయిదు" అన్నాను.

ఆయన గోడకున్న క్యాలెండరు చూపించాడు. దాని మీద పదమూడు వందల పదిహేను అని ఉంది.

నెలలైతే తెచ్చుకున్నాము కాని, సంవత్సరాల లెక్క మనది వేరు, వాళ్ళది వేరు. మనది ఫస్లీ, అంటే సర్కారు వారి శిస్తు లెక్క. వాళ్ళది వాళ్ళ సొంత లెక్క. మన సర్కారు ఒక దేశం కన్నా ముప్పై ఏళ్ళు ముందున్నదని నిక్కచ్చిగా తేలింది నాకు తెలిసి అక్కడే. కాని ఆ గర్వం అనుభవించే తీరిక లేకపోయింది.

"ఈ పెళ్ళికి ఇంకా ఇరవై ఎనిమిదేళ్ళుంది. అయ్యాక రండి" అన్నాడు.

అది ఫస్లీ సంవత్సరమని మొత్తుకున్నాను. కాగితంలో ఫస్లీ అన్న మాట ఎక్కడుందో చూపమన్నాడు. లేదు. మన దగ్గర ఎవడు రాస్తాడండీ ఆ మాట! సూర్యుడి పక్కన సూర్యుడని రాస్తామా? రాయనివాడు ఎవరో మీరు ఈపాటికి ఊహించే ఉంటారు. ముత్యాల కోవ గురించి ఇక మాట్లాడను.

సంగతి విని ఈరవ్వ నేల మీద చతికిలబడింది.

"ఇరవై ఎనిమిదేండ్లకు పెండ్లి అయితదంటే, గా బువ్వ తిన్నోళ్ళంత ఎవ్వల పెండ్లిల తిన్నరు పంతులూ?"

గంగామణి ఓడకని కట్టిన మూటను ఒళ్ళోకి లాక్కుంది. దాని ముడి విప్పడం మొదలుపెట్టింది. అది చూసి నాకు నా కలాన్ని అరేబియా సముద్రంలో పారేయాలనిపించింది.

కాని ఆ అధికారి చెడ్డవాడు కాడు. సొరుగులన్నీ వెదికి ఇంకో ఫారం తీశాడు. పెళ్ళి అయినవాళ్ళది కాదు, పెళ్ళి కాబోయేవాళ్ళది. వరుడు అక్కడ ఉండి, వధువు ఇక్కడి నుంచి పోతే, చేరిన నెల లోపల కచేరీలో పెళ్ళి చేసుకోవాలి. గంగామణికి ఇంతవరకు పెళ్ళి కాలేదని అదే చేత్తో, అదే ఉర్దూలో రాసిచ్చాను. పాసుపోర్టులో ఏముందో ఆయన చూడలేదు, నేను చూపలేదు.

వరుడి తల్లి ఎవరని అడిగాడు. ఈరవ్వ లేచి నిలబడింది. పిల్ల నచ్చిందా అని అడిగాడు. ఈరవ్వ కోడలిని తల నుంచి కాళ్ళ దాకా చూసింది.

"నచ్చింది. పోయినసారి గూడ నచ్చింది."

రెండో వాక్యాన్ని నేను తర్జుమా చేయలేదు.

ఇక ఒక్కటే గడి మిగిలింది. అధికారి కలం పక్కన పెట్టి గంగామణి వైపు తిరిగాడు. ఈ సంబంధం నీకు ఇష్టమేనా, ఎవరి బలవంతమూ లేకుండా నీ నోటితో చెప్పాలి అన్నాడు. నేను తెలుగులో చెప్పాను. అవునంటుంది, ముద్ర పడుతుంది, పోయి ఇంత చాయ తాగుదామనుకున్నాను.

గంగామణి తల ఎత్తి అధికారి ముఖంలోకి చూసింది.

ఈరవ్వ కోడలి భుజం పొడిచింది. నేను దగ్గాను. అధికారి మాత్రం చేయెత్తి మమ్మల్ని ఆగమన్నాడు.

"గీ మాట నన్ను ఇప్పటిదాంక ఎవ్వలు అడగలె" అంది గంగామణి మెల్లగా. "జర ఆలోచన జేసుకోనియ్యుండ్రి."

ఆలోచించింది మహాశయులారా! ఓడ మర్నాడని తెలిసీ, గది పోతుందని తెలిసీ, ఇన్ని నెలలుగా ఎవరి కోసం ఏడ్చిందో అతని గురించే కూర్చుని ఆలోచించింది. అధికారి చాయ తెప్పించుకుని తాగాడు. ఈరవ్వకు చెమటలు పట్టాయి. ఆమె ముఖంలో అంత భయం నేను కరువు సంవత్సరంలో కూడా చూడలేదు.

"పోత" అంది చివరకు. "గని ఒక్క మాట రాయుండ్రి. మల్ల ఏడికన్న పోవాలంటే నన్ను అడిగి పోవాలె. పోయినసారి సంచి కట్టినంక చెప్పిండు."

కొంచెం ఆగి, బీడీలు కూడా బందు పెట్టాలంది.

అధికారి రెండూ ఫారం అంచున రాసి, దాని మీద ముద్ర గట్టిగా కొట్టాడు. గంగామణి మర్నాడు ఓడ ఎక్కింది. ఎక్కే ముందు ఈరవ్వ ఆమె ఎడమ చెవి వెనక ముద్దు పెట్టుకుంది.

మొన్న మంగళవారం సాయిలు ఉత్తరం వచ్చింది. "పంతులూ, దండాలు. మాకు మల్ల పెండ్లయింది. గది దొరికింది. బీడీలు బందు. బజారుకు పోయినా అడిగి పోతున్న" అని. చదివి నేను పిల్లవాడిలా గెంతాను. ఎల్లారెడ్డి తాలూకాలో పుట్టిన పిల్లను 'నీకు ఇష్టమేనా' అని అడగడానికి ఈరాన్ అధికారి కావలసి వచ్చింది! అదీ నేను ఒక మాట రాయడం మరిచిపోతే! పటేలు అడగలేదు, అయ్యగారు అడగలేదు, ఉప్పు గురించి పొద్దుగూకే దాకా కొట్లాడిన నలుగురికీ ఆ మాటే తోచలేదు. ఇంత గొప్ప ప్రశ్న ఓడ ఎక్కేవాళ్ళకేనా? ప్రతి ఊళ్ళో ఒక వీసా కచేరీ పెట్టాలి!

ఆ ఊపులోనే ఇంటికి పోయాను. మా ఆవిడ ప్రమీలమ్మ చాటలో బియ్యం చెరుగుతోంది. మాకు పెళ్ళయి ఇరవై రెండేళ్ళు, అచ్చమైన ఫస్లీ లెక్కలో. ఎదురుగా కూర్చుని అధికారిలాగే గంభీరంగా అడిగాను, నన్ను చేసుకోవడం నీకు ఇష్టమేనా, ఎవరి బలవంతమూ లేకుండా చెప్పు అని.

ఆవిడ చాట కింద పెట్టింది. 

"ఆలోచించి చెప్త" అంది.

అది మంగళవారం. ఇవాళ శనివారం.

కాబట్టి మహాశయులారా, పైన నేను చేసుకున్న మనవిలో ఒక చిన్న సవరణ. ఇదివరకే ఇరవై ఏళ్ళకు మించి కాపురం చేసి ఉన్నవారికి ఈ నియమం వర్తించకుండా చూడవలసిందిగా, సర్కారు వారికి చేతులు జోడించి విన్నవించుకుంటున్నాను.