షేక్ గారింట చల్లారిన కాఫీ

గురువారం పొద్దున తురయ్యా టీచరు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిది దాటగానే షేక్ హాయిల్ గారింటికి వెళ్ళాలి, రేపటి పెళ్ళి భోజనంలో తనకోసం రొట్టె తగలని అన్నం ఒక పళ్ళెం పక్కన తీసి ఉంచమని అడగాలి, తిరిగొచ్చి బట్టలు ఉతుక్కోవాలి. అరబ్బు నేల మీది కరక్ కొండల్లోని ఆ ఊళ్ళో షేక్ గారిని ఇంతకంటే చిన్న కోరిక ఎవరూ కోరి ఉండరు. అందుకే అది ఎవరికీ అర్థం కాలేదు.

టీచరుకు జబ్బులు మూడు. మొదటిది థైరాయిడ్. పరగడుపున మాత్ర వేసుకుని గంటదాకా కాఫీ చుక్క ముట్టకూడదు. రెండోది గోధుమ పడని పేగు. రొట్టె ముక్క లోపలికి పోతే నాలుగు రోజులు మంచం. మూడోది కళ్ళు ఎండిపోయే జబ్బు. ఏడుపొచ్చినా కన్నీళ్ళు రావు, మందుల షాపులో సీసా లెక్కన కొనుక్కోవాలి. మూడింటికీ ముగ్గురు డాక్టర్లు. ఎవరికి వారు తమ దగ్గరున్నదే అసలు జబ్బని, తక్కినవి దాని పిల్లలని అంటారు. ముగ్గురూ ఒప్పుకున్న సంగతి ఒక్కటే: ఒంటికి కాపలా కాయాల్సిన సైన్యం మతి తప్పి, సొంత ఒంటినే శత్రువనుకుని కొడుతోందట.

"అంటే అచ్చం మన ఊరే," అన్నాడు భర్త ఉబైద్ ఆ ముక్క వినగానే. వైద్యశాస్త్రం అతనికి అంతవరకే ఎక్కింది.

పళ్ళెం చిన్నదే కాని, దాని వెనక కథ పెద్దది. ఆ ఊళ్ళో పెళ్ళంటే మన్సఫ్. పెద్ద తాంబాళంలో పల్చటి రొట్టెలు పరిచి, వాటిమీద అన్నం, ఆపైన గొర్రెమాంసం వేసి, పెరుగు పులుసు పోసి, పదిమందీ చుట్టూ చేరి తింటారు. తినకపోతే ఇంటివాళ్ళని తిట్టినట్టే. ఒక పెళ్ళిలో మొహమాటపడి తిని టీచరు ఆస్పత్రి పాలైంది. రెండేళ్ళ క్రితం షేక్ గారి కొడుకు పెళ్ళిలో తినకుండా లేచింది. ఆ రోజునుంచి షేక్ గారి భార్య ఫిద్దా ఆమెతో ముక్తసరిగానే మాట్లాడుతోంది.

ఈసారి పెళ్ళికూతురు రుబా, షేక్ గారి మనవరాలు, టీచరు దగ్గర అక్షరాలు దిద్దుకున్న పిల్ల. పోయినవారం ఇంటికొచ్చి టీచరు చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"మీరు నా పక్కన కూర్చుని తినాలి టీచర్. మీరు తినకపోతే నేనూ తినను."

పిల్ల మొహంలో ఏదో బెదురు కనిపించింది. పెళ్ళి బెదురే అనుకుంది టీచరు. ఆ పిల్ల పక్కన కూర్చుని, అందరిలా నాలుగు ముద్దలు తిని, అందరిలా లేచి చెయ్యి కడుక్కోవాలని ఆమెకు ఎంత ఆశగా ఉందో చెప్పలేం. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు అది ఆశలా కూడా కనిపించదు.

తీరా గురువారం లేవడం ఆలస్యమైంది. తొమ్మిదింటికి మాత్ర పడింది. పదింటికి షేక్ గారు పట్నం వెళ్ళిపోతారు. ఉబైద్ కారులో దింపుతూ, "వాళ్ళు కాఫీ ఇస్తే ఒక్క గుక్క తాగెయ్. ప్రాణమేం పోదు," అన్నాడు.

"నీ గొంతులోది కాదుగా మాత్ర," అంది టీచరు.

షేక్ గారు స్వయంగా చేదు కాఫీ వంచి ఇచ్చారు. టీచరు మర్యాదగా అందుకుని, చాపమీద తన ముందు పెట్టుకుంది. ఆ ప్రాంతంలో అతిథి కాఫీ తాగకుండా కప్పు కింద పెట్టాడంటే కొండంత కోరికతో వచ్చాడని అర్థం. పిల్లనివ్వమని అడగడానికీ, ప్రాణం తీసినవాణ్ణి క్షమించమని అడగడానికీ కప్పులు అలా దిగుతాయి. ఇంటాయన "తాగు, నీ మాట నెగ్గింది" అనేదాకా పైకి లేవవు. టీచరుకు ఇది తెలియక కాదు. ఆరేళ్ళు థైరాయిడ్‌తో కాపురం చేసిన మనిషికి కాఫీ కప్పులో గడియారం తప్ప ఇంకేమీ కనిపించదు.

షేక్ గారి ముందు కప్పు దిగి ఇరవై ఏళ్ళయింది. తగాదాలన్నీ కోర్టుకెక్కి, ఆయనకు పెళ్ళిళ్ళలో ముందు వరస కుర్చీ ఒక్కటే మిగిలింది. ఆయన అంగీ సర్దుకుని, వెన్ను నిటారుగా పెట్టారు.

"అడుగమ్మా. మొహమాటం వద్దు."

"పెద్ద విషయమేం కాదు షేక్ గారూ. రేపు నాకో పళ్ళెం వేరేగా పెట్టించండి చాలు."

షేక్ గారి మొహం గంభీరమైపోయింది. టీచరు తమ్ముడు మన్వర్ ఆలివ్ తోటకు వెళ్ళే దారికి అడ్డంగా రెండేళ్ళ క్రితం ఆయన గోడ కట్టించారు. ఎందుకు కట్టించారో ఇప్పుడు ఆయనకూ సరిగ్గా గుర్తులేదు. అప్పట్నుంచి రెండు ఇళ్ళవాళ్ళూ ఒకే తాంబాళంలో చెయ్యి పెట్టలేదు.

"విన్నావా ఫిద్దా? వేరే పళ్ళెమట. వేరు చేసింది మీరేనని ఎంత నాజూగ్గా అంటించిందో చూడు."

"అయ్యో, గోడ మాట కాదండీ. నాకు గోధుమ పడదు."

"ఊరుకోమ్మా. చదువుకున్నదానివి, సూటిగా చెప్పవు."

ఫిద్దా లోపలికి వెళ్ళి వేడి రొట్టె, ఆలివ్ నూనె తెచ్చి ముందు పెట్టింది. టీచరు చెయ్యి వెనక్కి లాక్కుంది. ఫిద్దా మొహం విప్పారింది.

"చూశారా, ఆ పెళ్ళిలో కూడా ముట్టలేదు. గోడ కోసమన్నమాట. నా వంట బాగాలేదేమోనని రెండేళ్ళు కుమిలిపోయాను."

"గోడ తీసేయిస్తాను. తాగమ్మా," అన్నారు షేక్ గారు.

టీచరు గడియారం చూసుకుని నిజాయితీగా చెప్పింది. "ఇంకా ముప్పై ఎనిమిది నిమిషాలుంది."

"గడువు కూడా పెట్టింది," అన్నారు షేక్ గారు అబ్బురంగా. పట్నం ప్రయాణం మానుకుని ఫోన్ అందుకున్నారు.

ఆయన ఫోన్‌లో ఉండగా టీచరు కళ్ళు ఇసుక పోసినట్టు గరగరలాడాయి. సంచీలోంచి సీసా తీసి రెండేసి చుక్కలు వేసుకుంది. షేక్ గారు ఇటు తిరిగేసరికి ఆమె రెండు బుగ్గల మీదా ధారలు కారుతున్నాయి. ఆయన ఫోన్‌లో గొంతు తగ్గించి, "త్వరగా రా మన్వర్. మీ అక్క నా ఇంట్లో ఏడుస్తోంది," అన్నారు.

మన్వర్ నలుగురు మనుషుల్ని వెంటేసుకుని వచ్చాడు. గుమ్మంలోనే రుసరుసలాడాడు.

"నిన్నెవరు రమ్మన్నారక్కా? నా గోడ కోసం వీళ్ళని బతిమాలమని నేనడిగానా?"

"నీ గోడ కోసం కాదురా. అన్నం కోసం వచ్చాను."

మన్వర్ ముట్టని రొట్టెని చూశాడు. తాగని కాఫీని చూశాడు. అక్క బుగ్గలు చూశాడు.

"ఈ ఇంట్లో ముద్ద ముట్టలేదు. రెండేళ్ళుగా నాకోసం. నేనేమో పండక్కి కూడా పలకరించలేదు."

"అది రోగంరా. నాలుగుసార్లు చెప్పాను. రిపోర్టు కూడా చూపించాను."

"మా అక్క ఎప్పుడూ ఇంతే," అన్నాడు మన్వర్ అందరివైపూ తిరిగి. "చేసింది చెప్పుకోదు."

ఆరేళ్ళుగా ఆమె జబ్బు గురించి చెబుతుంటే ఒక్కరూ నమ్మలేదు. పౌరుషం సంగతి ఆమె ఎత్తకపోయినా అందరూ నమ్మేశారు. మనవాళ్ళకు రోగిష్టి ఆడది కనపడదు, త్యాగమూర్తి అయితే ఎంత దూరంనుంచైనా కనపడుతుంది.

పది కొట్టింది. షేక్ గారు మన్వర్ భుజం మీద చెయ్యి వేసి, "గోడ లేదు, ఇక నువ్వు నా తమ్ముడివి," అంటున్నారు. టీచరుకు తల పగిలిపోతోంది. కప్పు తీసి, చల్లారిన కాఫీ ఒక్క గుక్కలో తాగేసింది. ఇంట్లోని ఆడవాళ్ళు నాలుకలు ఆడిస్తూ మంగళధ్వని ఎత్తుకున్నారు. మధ్యాహ్నానికి గోడ నేలమట్టమైంది.

"పళ్ళెం ఏమైంది?" అన్నాడు ఉబైద్ ఇంటికొచ్చాక.

"గోడ ఇచ్చారు," అంది టీచరు, బట్టలు నానబెడుతూ.

శుక్రవారం ఆడవాళ్ళ పందిట్లో ఆమెకు పెళ్ళికూతురి పక్కనే పెద్ద పీట వేశారు. అంతవరకు బాగానే ఉంది. ఆమెను గౌరవించడానికి షేక్ గారే పందిట్లోకి వచ్చారు. తాంబాళం అంచున కూర్చుని, స్వహస్తాలతో రొట్టె తుంచి, పులుసులో ముంచి, అన్నంతో కలిపి ముద్ద చేసి ఆమె నోటి ముందుకు చాపారు. పందిరంతా చూస్తోంది. తింటే నాలుగు రోజుల మంచం, తినకపోతే గోడ మళ్ళీ లేస్తుంది. రుబా ఆమె మోకాలు గట్టిగా పట్టుకుంది.

ఆ రోజు మాత్ర తెల్లవారకముందే పడింది, కాఫీకి అడ్డేమీ లేదు. కాఫీ పంచుతూ పక్కగా వెళ్తున్న ఆవిడ చేతిలోంచి టీచరు ఒక కప్పు అందుకుంది. అందుకుని, చాపమీద పెట్టింది.

ముద్ద పట్టుకున్న షేక్ గారి చేతిమీదుగా పులుసు మోచేతికి కారింది.

"ఇంకా ఏం మిగిలిందమ్మా?" అన్నారాయన కొంచెం భయంగా.

"రొట్టె తగలని అన్నం. ఒక్క పళ్ళెం. ఇందులో గోడ లేదు, తమ్ముడు లేడు, పౌరుషం అసలే లేదు. నాకు జబ్బు. అంతే."

ఇదే మాట ఆరేళ్ళుగా అంటూనే ఉంది. కప్పు ముందు పెట్టుకుని అంది కాబట్టి ఈసారి వినపడింది. షేక్ గారు దిగాలుగా, "ఇచ్చాను," అన్నారు. గోడ పడగొట్టినప్పుడు కూడా ఆయన అంత దిగాలు పడలేదు. పళ్ళెం వచ్చింది, తెల్లటి అన్నం, రెండు మాంసం ముక్కలు. టీచరు చెయ్యి పెట్టేలోగా గోరింటాకు పండిన చెయ్యి ఒకటి అందులో పడింది.

"నువ్వేమిటే?" అంది ఫిద్దా.

"నాకూ అదే జబ్బు నానమ్మా," అంది రుబా తల వంచుకుని. "ఏడాదైంది. బయటపెడితే పెళ్ళి చెడుతుందని అమ్మ ఎవరికీ చెప్పనివ్వలేదు. టీచర్ పక్కన కూర్చుంటే ఆవిడ పళ్ళెంలో తినొచ్చనుకున్నాను."

టీచరుకు అప్పుడర్థమైంది. పిల్ల బెదురు పెళ్ళి గురించి కాదు, ఆకలి గురించి. నిజంగా ఏడుపొచ్చింది, కన్నీళ్ళ సీసా ఇంట్లో మరిచిపోయింది. పెళ్ళికొడుకు తల్లి ఏదో అనబోయి, చాపమీద ఇంకా తాగకుండా ఉన్న కప్పుని చూసి నోరు మూసుకుంది.

"మా వంశంలో ఇలాంటి రోగాలు లేవు," అన్నారు షేక్ గారు. చేతిలో ముద్దని కాసేపు చూసుకున్నారు. దాన్ని తాంబాళంలో వదిలేసి, వేరే పళ్ళెం వైపు జరిగారు. "ముప్పై ఏళ్ళుగా ఈ రొట్టె తిన్నప్పుడల్లా కడుపు కోసేస్తుంది. దిష్టి అనుకున్నాను. కొంచెం చోటివ్వండి."

టీచరు కాఫీ తాగేసి, ఆయనకు చోటిచ్చింది. నాలుగు ముద్దలు తిని, అందరిలా లేచి చెయ్యి కడుక్కుంది.

శనివారం పొద్దున్నే ఆమె ఇంటికి ముగ్గురు పెద్దమనుషులు వచ్చారు. ఒకరిది బావి తగాదా, ఒకరిది కోడలి అలక, మూడో ఆయనది మేక తప్పిపోయిన వ్యవహారం. టీచరమ్మ మాటకు గోడలే కూలుతున్నాయని ఊరంతా చెప్పుకుంటోందట. మాత్ర వేసుకుని గంట లెక్కపెట్టుకుంటున్న టీచరు లోపల్నుంచే తొంగి చూసింది. ఉబైద్ ముగ్గురికీ కాఫీ పోశాడు. ముగ్గురూ కప్పులు కింద పెట్టారు.

వాళ్ళలో ఒక్కరికీ థైరాయిడ్ లేదు.