సొరంగంలో ఆగిన చెక్క రైలు

పెద్ద అడవే అది. పైన చెట్లెంత దట్టమో, కింద సొరంగాలూ అంతే. వాటిలో కొత్త రైలు నడిచేది. దాని తలుపులు వాటంతటవే మూసుకునేవి. తోకలు లోపలికి లాక్కునే పూచీ మాత్రం జంతువులదే.

అంతకు ముందు ఒక చెక్క రైలుండేది. పేముతో అల్లిన సీట్లు, ఇత్తడి కడ్డీలు, చేత్తో దించుకునే కిటికీలు. దాన్ని షెడ్డులో పడేశారు. పొయ్యిలోకి కట్టెలు చేస్తారని వినగానే మేము పాత రైలు ప్రేమికుల సంఘం పెట్టాం. అధ్యక్షుడు నెమలి మయూరప్ప. కార్యదర్శిని నేను, ముళ్లపంది సూదయ్యని. సభ్యులు ఇంకా ఉన్నారు గానీ, అందరూ ఒకేసారి మాట్లాడేవారు కాబట్టి ఎందరో ఎప్పుడూ తేలలేదు.

మా ఆశయం చరిత్రను కాపాడటం. నా సొంత ఆశయం కొంచెం చిన్నది. కొత్త రైల్లో నన్ను చూడగానే పెట్టె సగం ఖాళీ అయ్యేది. చెక్క రైల్లో కిటికీ పక్కన ఒంటి సీటు ఉండేది.

రైల్వే అధికారి నక్కగారి దగ్గరికి వెళ్లాం. ఆదివారాలు విహారయాత్ర నడుపుతామన్నాం.

"నడపండి," అన్నాడాయన. "ముందో కొత్త రైలు, వెనకో కొత్త రైలు, మధ్యలో మీరు. మీ మూలంగా ఒక్క బండి ఆగినా ఆ రోజే గొడ్డలి."

చెక్క రైలు నడపడం వచ్చినవాడు ముసలి ఎలుగుబంటి బూరయ్య ఒక్కడే మిగిలాడు. చలికాలం నిద్రలో ఉంటే బతిమాలి లేపుకొచ్చాం. చక్రాలకు కొత్త గ్రీజు పెడదామన్నాడు.

మయూరప్ప ఒప్పుకోలేదు. "ఆ రోజుల్లో ఆముదమే పోసేవారు. చరిత్రకు అపచారం చెయ్యను."

"ఆ రోజుల్లో తరచూ ఆగిపోయేది కూడా బాబూ!"

"ఆగితే ఆగనీ, అదీ చరిత్రే!" అన్నాను నేను. అందరూ చప్పట్లు కొట్టారు.

బూరయ్యకు మళ్లీ ఆ హ్యాండిల్ పట్టుకోవాలని ఎంత ఆశగా ఉందంటే, తేనె పొయ్యమన్నా పోసేవాడు. ఆముదమే పోశాడు.

ఆదివారం పొద్దున బండి కదిలింది. మయూరప్ప చరిత్ర చెప్పడం మొదలుపెట్టాడు. రెండు స్టేషన్ల మధ్య, సొరంగం చలికి ఆముదం గడ్డకట్టింది. బండి మూలిగి ఆగిపోయింది. వెనక వస్తున్న కొత్త రైలు కూతవేసి నిలబడింది.

కాసేపటికి పట్టాల వెంబడి ఒక చుక్కల దుప్పి పరుగెత్తుకుంటూ వచ్చింది. అడవికంతా పురుళ్లు పోసే చుక్కమ్మ. కొత్త రైలు దిగి వచ్చింది.

"ఇక్కడ పెద్దెవరయ్యా?"

మా సంఘంలో మొదటిసారి అందరూ ఒక్క మాట మీద నిలబడ్డారు. నన్ను చూపించారు.

"అడవిదున్న గౌరమ్మకు నొప్పులొస్తున్నాయి. తొలి కాన్పు. దూడ అడ్డం తిరిగిందని కబురొచ్చింది. బండెప్పుడు కదుల్తుంది?"

"అమ్మా, ఈ బండి పుట్టుక ఎంత గొప్పదంటే..." అని మయూరప్ప అందుకున్నాడు.

"నాకు బండి పుట్టుక ఎందుకయ్యా, దూడ పుట్టుక ముఖ్యం! దిగి తొయ్యండి!"

మయూరప్ప తన పింఛం వైపు చూసుకున్నాడు. మిగతావాళ్లు కిటికీల్లోంచి చూస్తున్నారు. నాకు సిగ్గేసింది. దిగి వెనక్కి వెళ్లి భుజం ఆనించాను. కొత్త రైలు దిగి వచ్చి నా పక్కన తొయ్యబోయిన అడవిపంది, ముళ్లు గుచ్చుకుని కెవ్వుమంది.

"నువ్వెక్కి కూర్చో నాయనా," అంది చుక్కమ్మ. "అదే పెద్ద సాయం."

కొత్త రైల్లోని పందులు, దుప్పులు, కొండముచ్చులు అందరూ దిగి వచ్చారు. మమ్మల్ని తిట్టుకుంటూనే తోశారు. ప్రేమికులం లోపల కూర్చున్నాం. ప్రేమ లేనివాళ్లు వెనక చెమటోడ్చారు.

బండి కదిలింది. వాలు వచ్చేసరికి జోరందుకుంది. తోసినవాళ్లంతా గబగబా ఎక్కి ఎదురెదురు సీట్లలో కూలబడ్డారు. ఎవరో కిటికీలు దించారు. గాలి కొట్టింది. రోజూ ఒకే పెట్టెలో వెళ్తూ ఎన్నడూ పలకరించుకోని పంది, కొండముచ్చు ఒకరి మసి మొహం ఒకరు చూసుకుని పడీ పడీ నవ్వారు. చుక్కమ్మ మాత్రం కిటికీలోంచి మెడ చాచి "పద తల్లీ, పద" అని బండిని బుజ్జగిస్తోంది.

మేమింతకాలం ఈ బండి గురించి ఎన్ని ఉపన్యాసాలిచ్చామో! ఇది మాత్రం ఒక్కదాంట్లోనూ లేదు.

స్టేషన్ రాగానే చుక్కమ్మ దూకి పరుగుపెట్టింది. దూడను సరిచేసి బయటికి తీసింది. తల్లీ బిడ్డా క్షేమం.

ప్లాట్‌ఫారం మీద నక్కగారు గొడ్డలితోనే ఉన్నాడు. కానీ దిగినవాళ్లంతా ఆయన్నే చుట్టుముట్టారు. "వచ్చే ఆదివారం ఎన్నింటికండీ?"

నక్కగారు గొడ్డలి వెనక్కి దాచాడు. సాయంత్రానికల్లా ఉత్తర్వు వచ్చింది: ఇకపై ప్రతి ఆదివారం 'తోపుడు యాత్ర'. బండి సొరంగం మధ్యలో విధిగా ఆగవలెను.

పరువు పోయిందని బూరయ్య వారమంతా కూర్చుని చక్రాలు కడిగి మంచి గ్రీజు పట్టించాడు. ఆదివారం బండి ఎక్కడా ఆగలేదు. తొయ్యడానికి పాత బట్టలు కట్టుకొచ్చిన జనం మండిపడ్డారు. "మోసం! ఇదేం పాత రైలు?"

క్షమాపణ చెప్పింది కార్యదర్శే.

ఇప్పుడు బూరయ్య ఆ చోటుకు రాగానే బ్రేకు నొక్కి, బండి చెడిపోయినట్టు తల పట్టుకుంటాడు. జనం ఆనందంగా దిగి తోస్తారు. మేము కిటికీల దగ్గర కూర్చుని ఉత్సాహపరుస్తాం.

దీన్నుంచి మా సంఘం ఇంకా నేర్చుకోని నీతి: పాతదాన్ని కాపాడే పని దాని ప్రేమికులకు అప్పగించకండి, తొందర పని ఉన్నవాళ్లకు అప్పగించండి.