తొంభై దాటిన తృప్తి

ఆసుపత్రిలో నర్సులకు చప్పట్లు కొట్టడం నేర్పిస్తున్నారని కన్యకాపరమేశ్వరి రెడ్డియార్‌పాళయంలో తమ వీధంతా చెప్పుకొచ్చిందట. వాళ్ల అత్త జయలక్ష్మమ్మ ఆపరేషనై ఆ ఆసుపత్రిలోనే మూడో మంచం మీద ఉంది గనుక ఆ మాటకు విలువొచ్చింది. పక్కింటి రంజని అక్కడే నర్సు. ఆమె కాదనలేదు. (నిజానికి కన్యకాపరమేశ్వరి తగ్గించే చెప్పింది.)

పని మీద ఉత్సాహమనేది శిక్షణ వల్లే పుడుతుంది; జీతం వల్లనో నిద్ర వల్లనో పుడుతుందనుకోవడం పామరుల భ్రమ. ఈ సత్యాన్ని కనిపెట్టినవాడు ఆసుపత్రి ఉత్సాహాధికారి ఆదికేశవన్. శిక్షణతో తృప్తిపడిన నర్సు వార్డులో ఇద్దరి పని చేస్తుంది, కాబట్టి ఇంకో నర్సును వెయ్యడం కంటే ఉన్న నర్సును తృప్తిపరచడమే చవక. ఆ తృప్తిని కొలవడానికి ఆయన ఫోనులో శబ్దం కొలిచే యాప్ ఉంది. క్లాసు చివర చప్పట్లకు ముల్లు ఎనభై దాటాలి. దాటకపోతే క్లాసు మళ్లీ మొదటి నుంచి. (గోడ మీది "నిశ్శబ్దం పాటించండి" బోర్డును ఆ పూటకు తిప్పి పెడతారు.)

క్లాసు జరిగేది నర్సుల గదిలో. రోగి మంచం పక్కన మీట నొక్కితే మోగే వార్డు బెల్లు ఆ గది తలుపు మీదే ఉంటుంది.

ఆ రోజు రెండుసార్లు ముల్లు డెబ్బై దగ్గరే మొండికేసింది. మూడో మంచానికి గ్లూకోజు సీసా మార్చే వేళయిందని, చిటికెలో వచ్చేస్తానని రంజని బతిమాలింది. రెండు చేతులు తగ్గితే ఆ మేరకు తృప్తీ తగ్గుతుందని ఆదికేశవన్ సౌమ్యంగా వివరించాడు. వార్డులో వాచ్‌మన్ ఇరుసప్పన్‌ను కూర్చోబెట్టామని ధైర్యం చెప్పాడు. (ఇరుసప్పన్‌కు గేటు తెరవడంలో మంచి అనుభవం ఉంది.)

"రోగి పిలవకముందే పలకడం ఎలా" అన్న పాఠం మూడోసారి ముగిసింది. నర్సులు వాచిన చేతులతో చప్పట్లు కొట్టారు. ముల్లు అరవై దాకా పాకి, ఉన్నట్టుండి ఎనభై దాటి, తొంభై దాటి, అక్కడే నిలబడింది. చప్పట్లు ఆగినా దిగలేదు. ఫోను మీద నుంచి చూపు తిప్పకుండానే ఆదికేశవన్ కళ్లు తుడుచుకున్నాడు.

"చూసినారామ్మా? చేతులు ఆపినా తృప్తి ఆగలేదు. దీన్నే నేను ఉత్సాహం అనేది."

రంజని అప్పటికే తలుపు దగ్గరుంది.

"అది మా తృప్తి కాదు సార్. మూడో మంచం జయలక్ష్మమ్మ, బెల్లు మింద చెయ్యి తియ్యకుండా ఉండాది."